చిన్న కేసు, పెద్ద కేసు: ఈ కొలత ఎవరిది?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దళితుడు దెబ్బలు తిని స్టేషన్ మెట్లెక్కితే ముందుగా వినపడే మాట ఒకటుంది. "చిన్న కేసేగా, ఊళ్ళో కూర్చుని మాట్లాడుకోండి." ఈ చిన్నా పెద్దా కొలత ఎక్కడి నుంచి వచ్చింది? హత్యాకాండల గురించి మాట్లాడినంతగా మేము ఈ కొలత గురించి మాట్లాడలేదు. ఆ లోపాన్ని ఒప్పుకునే ఈ విమర్శ మొదలుపెడుతున్నాం.

ఇంగ్లీషు చట్టం ఒకప్పుడు నేరాల్ని ఫెలనీ, మిస్‌డిమీనర్ అని విడగొట్టింది. ఇంగ్లండు 1967లో ఆ తేడా ఎత్తేసింది, అమెరికాలో ఇంకా నడుస్తోంది. మన 1860 శిక్షాస్మృతి ఆ పేర్లు తీసుకోలేదు. మన దగ్గర గీత వేరు. కాగ్నిజబుల్ నేరమైతే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, ఎవర్నీ అడక్కుండా దర్యాప్తు మొదలెట్టొచ్చు. నాన్ కాగ్నిజబుల్ అయితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు లేదు. బెయిలబుల్ అయితే బెయిలు ముద్దాయి హక్కు, నాన్ బెయిలబుల్ అయితే అది కోర్టు విచక్షణ. ఏ నేరం ఏ గడిలో పడుతుందో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ మొదటి షెడ్యూలు చెప్పేది. 2024 జూలై 1 నుంచి కోడ్ల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. గడులు చాలావరకు అవే.

ఆ షెడ్యూలుని మేము ఒక రచనగా చదువుతున్నాం. చేత్తో కొడితే పాత 323, ఏడాది వరకు శిక్ష, నాన్ కాగ్నిజబుల్. రెచ్చగొట్టేలా అవమానిస్తే 504, రెండేళ్ళ వరకు, అదీ నాన్ కాగ్నిజబులే. మారణాయుధంతో ఎముక విరగ్గొడితే 326, కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. అంటే కొలత గాయం లోతుని బట్టి. ఏ కులం వాడు ఏ కులం వాణ్ణి, ఎందుకు కొట్టాడనే గడి అందులో లేదు. ఇద్దరు సమానులు కొట్టుకున్నారనే ఊహ మీదే ఆ రచనంతా నిలబడింది.

ఈ ఊహని కారంచేడు చెరువు గట్టు మీద నిలబెట్టి చూద్దాం. 1985 జూలై 16న మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళని కమ్మ యువకులు మురికి చేస్తుంటే మాదిగలు అడ్డం చెప్పారు. కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ చేతిలో బిందె పైకెత్తింది. అంతవరకే రాస్తే ఏ కేసవుతుంది? నీళ్ళు పాడుచేసినందుకు శిక్షాస్మృతి 277 ప్రకారం మూడు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చేయి చేసుకున్నందుకు 323. రెండూ చిన్న కేసులే. మర్నాడు ఆరుగురు మాదిగల్ని చంపారు. అది పెద్ద కేసు. చట్టం లెక్కలో ఇవి వేరువేరు నేరాలు. మా లెక్కలో ఒకటే నేరం. ఎత్తిన బిందెకి కులం ఇచ్చిన జవాబే ఆ హత్యలు.

చుండూరులోనూ అంతే. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్డి కులస్తుడికి తగిలిందన్న దగ్గర మొదలై, సాంఘిక బహిష్కరణగా నడిచి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా పోయింది.

1990 జనవరి 30న అమల్లోకొచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గొప్పతనం ఇక్కడే ఉంది. దళితులు వాడే నీళ్ళని పాడుచేయడం, పదిమందిలో కించపరచడం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్షపడే నాన్ బెయిలబుల్ నేరాలయ్యాయి. ముందస్తు బెయిలు తీసేశారు. నీళ్ళు అవే, తిట్టూ అదే, గడి మారింది. గాయం లోతుతో పాటు ఆధిపత్యాన్ని కూడా చట్టం కొలిచింది.

అందుకే దాడి ఈ కొలత మీదికే వచ్చింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అరెస్టుకి ముందస్తు అనుమతి కావాలంది, కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చంది. ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాత పార్లమెంటు 18-ఏ సెక్షన్ తెచ్చి దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. 2020 నవంబరులో అదే కోర్టు, నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు తిడితే అది బహిరంగం కాదంది. ఆసామి కొట్టంలో ఒంటరిగా తిట్లు తిన్న కూలీ సాక్షుల్ని ఎక్కణ్ణుంచి తేవాలి?

శిక్షలే పడనప్పుడు గడులతో పనేమిటని మిత్రులు అడగొచ్చు. నిజమే. చుండూరులో పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కారంచేడు మీద సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో, 23 ఏళ్ళకి వచ్చింది. పెద్ద కేసు దారి ఇంత పొడుగు కాబట్టే చిన్న కేసు దగ్గరే గట్టిగా నిలబడాలంటున్నాం. 323 ఒక్కటే కడితే కొట్టినవాడు సాయంత్రానికల్లా ఊళ్ళోనే ఉంటాడు. మర్నాడు పత్తితీతకి, మిరపకోతకి పిలిచేది అతనే, కాకపోతే అతని బావమరిది. రాజీ అక్కడ పుడుతుంది. అణిగిన ఊరికి చెరువు గట్టు దగ్గరే ఆగే అవకాశం పోతుంది.

కనుక కార్యకర్తలు, విద్యార్థులు ముందు కంప్లయింట్ రాయడం నేర్చుకోవాలి. ఇద్దరి కులాలు, జరిగిన చోటు, చూసినవాళ్ళ పేర్లు, అన్న మాట అన్నట్టే రాయాలి. ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మొత్తం కేసు కాగ్నిజబులే అవుతుందని ఎస్సైకి గుర్తుచేయాలి. 1995 రూల్సు ప్రకారం దర్యాప్తు డీఎస్పీ హోదాకి తగ్గకూడదు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి, అది చేతికొచ్చేదాకా స్టేషన్ దగ్గర్నుంచి కదలొద్దు. ఏది చిన్న కేసో చెప్పాల్సింది దెబ్బ తిన్నవాళ్ళు.