ముందు చిరునామా రాసుకోండి

బెజవాడకు ఆన్‌లైన్ వ్యాపారం కొత్త కాదు. అమ్మేవాడు కొనేవాడి మొహం చూడడు, కొనేవాడు సరుకు పట్టి చూడడు, అయినా బేరం జరిగిపోతుంది. ఈ ఊరి పుస్తకాల వాళ్లకు కంప్యూటర్ మాట వినకముందు నుంచీ ఈ పద్ధతి తెలుసు. దాని పేరు వి.పి.పి. పాఠకుడు కార్డు ముక్క రాసి పడేస్తే కట్ట బయల్దేరేది. పోస్టుమాన్ ఇంటి ముందు సైకిల్ దిగి, డబ్బు పుచ్చుకుని, కట్ట చేతికిచ్చేవాడు. ఆ డబ్బు మనియార్డరై బెజవాడకు తిరిగొచ్చేది. బందరులో పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీ, అంటే మన ఎమెస్కో, ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పేరుతో చందాదారుల్ని చేర్చుకుని పుస్తకాలు పోస్టులోనే పంపింది. ఇవాళ కుర్రాళ్లు సబ్‌స్క్రిప్షన్ అని చెప్పుకునేది ఇదే.

‘ఆన్‌లైన్ బిజినెస్ ఎన్నాళ్లలో నేర్చుకోవచ్చు సార్?’ అని అడిగే పిల్లలకు నేనిచ్చే జవాబు అందుకే వి.పి.పి. దగ్గర మొదలవుతుంది. వాళ్లేమో వెబ్‌సైట్ గురించో, యాడ్స్ గురించో చెప్తానని నోట్‌బుక్ తెరుస్తారు. నేను చిరునామాల గురించి చెప్తాను. సగంమంది నోట్‌బుక్ మూసేస్తారు.

నేను పని నేర్చుకున్నది ఏలూరు రోడ్డు మీద ఒక పుస్తకాల కొట్టు వెనక గదిలో. ఖాకీ కాగితం, పురికొస, తూకం రాళ్లు, జిగురు డబ్బా, ఇదీ మా సరంజామా. పెద్ద గుమాస్తాగారు అక్కడ రెండు పుస్తకాలు రాసేవారు. ఒకదాంట్లో ఊరి వారీగా పాఠకుల చిరునామాలు. రెండోది తిరిగొచ్చిన కట్టల చిట్టా. వి.పి. తిరిగొచ్చిందంటే పోస్టేజి మునిగినట్టే. ఆయన మాత్రం ప్రతి కట్ట పక్కనా కారణం రాయించేవారు. ఆసామి ఊళ్లో లేడు. ధాన్యం డబ్బు ఇంకా చేతికి రాలేదు. కుర్రాడు నాన్నకు చెప్పకుండా కార్డు రాశాడు. అదే పేరున్న ఇంకొకాయన ఇంటికి వెళ్లింది. ‘డబ్బు పోయిందని బాధపడకు అబ్బాయ్, ఎందుకు పోయిందో రాయి. రేపు నీకు అక్కరకొచ్చేది అదే’ అనేవారు.

ఏడాది చిట్టా ఒక్కచోట పెట్టి చదివితే డెల్టా అంతా కళ్ల ముందు కనపడేది. కోతలయ్యాక సంక్రాంతి రోజుల్లో పంపిన కట్టలు నిలబడేవి. నాట్ల అదనులో పంపినవి వెనక్కొచ్చేవి. కొంత సొమ్ము ముందుగా మనియార్డరు (ఎం.ఓ.) చేసినవాడు కట్టను వదులుకోవడం అరుదు. ఈ కాలపు క్యాష్ ఆన్ డెలివరీ వ్యాపారులు రిటర్న్‌లు తగ్గించుకోవడానికి కొంత అడ్వాన్స్ పెడుతున్నారు. ఆ కిటుకు గుమాస్తాగారి చిట్టాలో ఎప్పటి నుంచో ఉంది.

1980ల చివరికి బెజవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు లేచాయి. చెప్పులు బయట విప్పి ఏసీ గదిలోకి భక్తిగా వెళ్లాలి. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ త్రీ ప్లస్, దంచుకోవడానికి కొంత కోబాల్. చాలామంది సర్టిఫికెట్ కోసం వచ్చేవారు. నాకు కావలసింది ఒక్కటే, కొట్లో ఉన్న చిరునామాల పుస్తకాన్ని ఆ పెట్టెలోకి ఎక్కించడం. మిగతావి పైపైన చూసి డీబేస్ దగ్గర పాతుకుపోయాను.

డీబేస్‌లో బొమ్మల్లేవు, బటన్లు లేవు. ఒక చుక్క కనపడేది, దాని పక్కన ఆజ్ఞ టైపు చెయ్యాలి. ఆ చుక్క మనల్ని ముందే ఆలోచించి రమ్మనేది. ఏ గడికి ఎన్ని అక్షరాలు కావాలో మొదటే తేల్చుకోవాలి. గడి పేరు పది అక్షరాలు దాటకూడదు. ఫ్లాపీలో చోటు 360 కిలోబైట్లు. మనిషికి 150 అక్షరాలు కేటాయిస్తే ఒక ఫ్లాపీలో సుమారు 2,400 చిరునామాలు పడతాయి. ఇంటిపేరుకు ఎంత, ఊరికి ఎంత, ‘రామాలయం వెనక వీధి’ లాంటి గుర్తులకు ఎంత అని కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చుంటే, మన పాఠకుల గురించి మనకు ఏం తెలుసో, ఏం తెలియదో బయటపడేది.

అసలు చిక్కు ఊళ్ల పేర్లతో వచ్చింది. కంప్యూటర్‌కు తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఉయ్యూరును కొందరు యూతో మొదలుపెడతారు, కొందరు వీతో. బందరని రాసేవాళ్లు, మచిలీపట్నమని రాసేవాళ్లు, తెల్లదొరల నాటి మసులీపటం పట్టుకు వేలాడేవాళ్లు, ముగ్గురూ ఒకే వీధిలో ఉంటారు. యంత్రానికి మాత్రం అవి మూడు ఊళ్లు. ఇక ఒకే ఊళ్లో ఇద్దరు కె. వెంకటేశ్వరరావులు ఉండటం మామూలే. వాళ్లను విడదీయడానికి తండ్రి పేరు ఒక గడిలో పెట్టాల్సి వచ్చింది.

ఈ చిక్కుకు మందు తపాలా శాఖ ఎప్పుడో కనిపెట్టి పెట్టింది. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల భాషలు, తప్పుల తడక చిరునామాలతో వేగలేకే శ్రీరామ్ భికాజీ వేలంకర్ పిన్ కోడ్ పద్ధతి రూపొందించారు. 1972 ఆగస్టు 15న అది అమల్లోకి వచ్చింది. బందరును ఎవరెలా రాసినా 521001. గుడివాడ ఎప్పటికీ 521301. జాబితాను పిన్ కోడ్ మీద ఇండెక్స్ చెయ్యగానే, అదివరకు రోజంతా కూర్చుని ఊరి వారీగా పేర్చుకున్న లేబుళ్లు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గరగరల మధ్య వరసగా దిగడం మొదలెట్టాయి. రైల్వే మెయిల్ (ఆర్‌ఎంఎస్) ఆఫీసుకు కట్టలు విడదీసి తీసుకెళ్లడం సులువైంది. కంప్యూటర్ మాకు నేర్పిన మొదటి వ్యాపార పాఠం అది. మనుషులు రాసేది రకరకాలుగా ఉంటుంది, మారని గుర్తు ఒకటి పట్టుకోవాలి. తర్వాత ఆ స్థానంలోకి ఫోన్ నంబర్ వచ్చింది. పద్ధతి మారలేదు.

అక్కడి నుంచి నిజమైన ఆన్‌లైన్ వ్యాపారం దాకా రావడానికి మూడు వస్తువులు కావాలి. లిపి, లైను, డబ్బు దారి. మూడూ మా చేతుల్లో లేనివే.

లిపి ముందు. తొంభైల్లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వచ్చి బెజవాడ అచ్చు రంగాన్ని ఒక్క ఊపు ఊపాయి. డీటీపీ సెంటర్ లేని సందు లేదు. పేజీ కాగితం మీద ముచ్చటగా కనపడేది. తీరా చూస్తే ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా చెత్త గీతలు. వెతికితే పుస్తకం పేరు దొరకదు, అకారాది క్రమంలో పేర్చమంటే కుదరదు. అచ్చుకు సరిపోయింది గానీ వ్యాపారానికి పనికిరాలేదు. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 గడులు కేటాయించినా, ఆ తెలుగు మామూలు కంప్యూటర్‌లో కనపడటానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు రావలసి వచ్చింది. కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసిచ్చారు. వీవెన్ ‘లేఖిని’ అనే సాధనం తయారుచేసి, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసుకునే దారి చూపించారు. సిలికానాంధ్ర సంస్థ తరఫున మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా ఉచితంగా వచ్చాయి. మా పాత క్యాటలాగును అను నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు ఒకచోట, గుడులు ఒకచోట జారిపడ్డాయి. ప్రతి పేరూ కంటితో చూసి సరిచేసుకోవాల్సి వచ్చింది. విసుగు పుట్టించే పనే. కానీ ఇవాళ పాఠకుడు ఫోన్లో తెలుగులో కొట్టి వెతికితే మా పుస్తకం దొరుకుతున్నదంటే ఆ పని వల్లే.

లైను సంగతి. ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి ఇచ్చినప్పుడు అది నాలుగు మహానగరాల ముచ్చట. 1998 చివర్లో ప్రైవేటు సంస్థలను అనుమతించాక గానీ మన వీధుల్లో బ్రౌజింగ్ సెంటర్లు వెలవలేదు. ఆ మరుసటి ఏడాది నవంబరులో ఊరంతా ఒకటే మాట. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు చెందిన సత్యం ఇన్ఫోవే, రాజేశ్ జైన్ నడిపే ఇండియావరల్డ్ వెబ్‌సైట్లను 499 కోట్ల రూపాయలకు కొంటోందట! అంతే, గవర్నర్‌పేటలో వెబ్ డిజైన్ కోర్సులు నిండిపోయాయి. పేపర్లో 499 కోట్లు కనపడింది. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇక్కడి కబుర్లు అందిస్తూ 1995 నుంచి జైన్ చేసుకొచ్చిన పని ఎవరికీ కనపడలేదు. 2000 మార్చి దాటాక అమెరికాలో డాట్‌కామ్ బుడగ పగిలింది, ఇక్కడ కోర్సుల బోర్డులు మారాయి.

మూడోది, అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చింది, డబ్బు దారి. మా మొదటి వెబ్‌సైట్ అంటే పుస్తకాల జాబితా, కింద ‘డీడీ గానీ ఎం.ఓ. గానీ పంపండి’ అన్న వాక్యం. విచిత్రం ఏమిటంటే మొదటి ఆర్డర్లు అమెరికా నుంచి వచ్చాయి, కట్టలు మాత్రం గుడివాడ, అవనిగడ్డ వెళ్లాయి. డాలస్‌లో కొడుకు క్లిక్ చేస్తే, ఊళ్లో నాన్నగారు పుస్తకం అందుకునేవారు. 2002లో ఐఆర్‌సీటీసీ రైలు టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలెట్టాక కార్డు నంబర్ కొట్టడమంటే జనానికి కొంత బెరుకు తగ్గింది. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. అంటే వి.పి.పి.యే చొక్కా మార్చుకుని వచ్చింది. అదే ఏడు హైదరాబాద్ నుంచి కినిగె తెలుగు ఈ-పుస్తకాల అమ్మకం మొదలెట్టింది. 2016లో యూపీఐ వచ్చాక, కట్ట విప్పకముందే డబ్బు చేతికందే రోజు వచ్చింది.

ఈ లెక్కన యూనికోడ్ మొదలు యూపీఐ దాకా పాతికేళ్లు. ఇంతకాలం ఓపిక పట్టామని చెప్పుకోవడంలో గొప్పేమీ లేదు. వేరే దారి లేక పట్టాం. కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారన్నది రైతు చేతిలో లేదు. బోదెలో పూడిక తీసి, గట్లు సరిచేసుకోవడం ఆయన చేతిలో పని. లైను లేనప్పుడు మేం చిరునామాలు సరిచేసుకున్నాం. లిపి కుదరనప్పుడు క్యాటలాగు దిద్దుకున్నాం. డబ్బు దారి లేనప్పుడు కట్ట తడవకుండా, మూలలు నలగకుండా ఎలా కట్టాలో నేర్చుకున్నాం. ఒక్కొక్కటీ వచ్చేసరికి, దానికి కావలసిన రెండో సగం మా దగ్గర సిద్ధంగా ఉంది.

మనవాళ్లలోనే ఇంకో కథ ఉంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. బిట్స్ పిలానీ స్నేహితులు పసుపునూరి సుధాకర్, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలెట్టారు. వాళ్లు ముందు చేసింది బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్. యజమానులు మాకెందుకన్నారు. అప్పుడు ఏజెంట్ల వెంట తిరిగి, ఫోన్ల మీద సీట్లు ఎలా చేతులు మారుతున్నాయో తెలుసుకుని, తామే సీట్లు అమ్మడానికి దిగారు. 2013లో ఐబిబో గ్రూపు ఆ కంపెనీని కొనుక్కుంది. చదువుకున్న ఇంజనీర్లు ట్రావెల్స్ ఆఫీసు బల్ల ముందు నిలబడి నేర్చుకున్నదే అక్కడ అసలు పెట్టుబడి అనిపిస్తుంది నాకు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ముందే వచ్చు.

ఇప్పుడు పెడనలో కలంకారీ చీరలు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసులు, కొండపల్లి బొమ్మలు, ఇంటి పచ్చళ్లు, అన్నీ వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్ముడవుతున్నాయి. మాకు పాతికేళ్లు పట్టిన మూడు వస్తువులూ ఒక్క ఫోన్‌లో దొరుకుతున్నాయి. సంతోషించవలసిందే. మరి వాళ్లు నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదా?

చీరలు అమ్మే ఒకమ్మాయికి ఈమధ్యే ఆ జవాబు దొరికింది. ఆమె పేజీ ఉన్నట్టుండి మూతపడింది. కారణం చెప్పేవాడు లేడు, ఫిర్యాదు వినే కిటికీ లేదు. వేలమంది ఫాలోవర్లు ఒక్క రాత్రిలో పోయారు. కానీ పార్శిల్ పంపిన ప్రతిసారీ పేరు, ఫోన్ నంబర్, పిన్ కోడ్, ఏ రంగు అడిగారు, ఎందుకు వెనక్కి పంపారు, అన్నీ ఒక పుస్తకంలో రాసుకునే అలవాటుంది ఆమెకు. కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొత్త పేజీ నిండకముందే పండగ ఆర్డర్లు వచ్చాయి. ‘ఫాలోవర్లు వాళ్ల దగ్గరున్నారండీ, కొనేవాళ్లు నా పుస్తకంలో ఉన్నారు’ అంది.

నాకు గుమాస్తాగారు చెప్పిన పాఠం ఆమెకు ఎవరూ చెప్పలేదు, వ్యాపారమే చెప్పింది. డీబేస్ పోయింది, ఫ్లాపీలు పోయాయి, కానీ అప్పటి మా జాబితా ఫైలు ఇవాళ లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే తెరుచుకుంటుంది. ఎందుకంటే అందులో ఉన్నవి ఒట్టి అక్షరాలు. అందుకని అడిగిన పిల్లలకు మూడే చెప్తాను. మీ కొనుగోలుదారుల జాబితా మీ దగ్గర, ఏ యాప్‌లోనైనా తెరుచుకునే సాదా రూపంలో ఉండాలి. వెనక్కొచ్చిన ప్రతి పార్శిల్ పక్కనా కారణం రాయాలి. నెలకోసారి ఆ రెండూ కూర్చుని చదవాలి. కొత్త యాప్ నేర్చుకోవడానికి వారం చాలు. ఈ మూడో పని అలవాటు కావడానికే ఏళ్లు పడుతుంది, కాబట్టి దాన్ని ఇవాళే మొదలుపెట్టండి.