రెనే ఫ్లెమింగ్: ఒపెరా గానంలో జాజ్ జాడలు

స్త్రీ కంఠాలలో అన్నిటికన్నా పై స్థాయిలో పలికే కంఠాన్ని పాశ్చాత్య సంగీతంలో సొప్రానో అంటారు. అమెరికా సొప్రానో రెనే ఫ్లెమింగ్ గురించి రాసేవారు ఆమె జాజ్ నేపథ్యాన్ని తరచు ఒక ముచ్చటగా చెప్పి వదిలేస్తారు. మనం అలా వదలకూడదు. ఆమె గానంలో మెచ్చుకునే గుణానికీ, తప్పుపట్టే గుణానికీ మూలం అక్కడే ఉంది.

ఫ్లెమింగ్ 1959లో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ గాత్ర సంగీత ఉపాధ్యాయులే. న్యూయార్క్ రాష్ట్రంలోని పాట్స్‌డామ్‌లో చదివే రోజుల్లో వారాంతాల్లో ఒక పబ్‌లో జాజ్ పాడేవారు. ప్రసిద్ధ సాక్సఫోన్ వాద్యకారుడు ఇల్లినాయ్ జాకెట్ తన బృందంతో పర్యటనకు రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు, ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో, తర్వాత జూలియార్డ్‌లో చదువు కొనసాగించారు. 1991లో మొజార్ట్ ఒపెరాలో కౌంటెస్ పాత్రతో న్యూయార్క్ మెట్రొపాలిటన్ రంగస్థలం మీదికి వచ్చారు.

ఇక్కడ ఒక భేదం గమనించండి. జాజ్ గాయని మైకు దగ్గర గుసగుసలాడినా వినిపిస్తుంది. మెట్రొపాలిటన్‌లో దాదాపు 3,800 సీట్లు. వాద్యబృందాన్ని దాటి, మైకు లేకుండా, గొంతు చివరి వరుసకు చేరాలి. జాజ్‌లో స్వరాన్ని కింది నుంచి జారుతూ అందుకోవచ్చు, లయకు కాస్త వెనకబడి పాడవచ్చు. కర్ణాటక సంగీతంలోని జారు గమకం విన్నవారికి ఇందులోని అందం తెలుసు. ఒపెరాలోనూ జారు ఉంది. కాని ఎక్కడ, ఎంత అన్నది స్వరకర్త శైలిని బట్టి ఉంటుంది.

ఫ్లెమింగ్ ఈ అలవాటును పూర్తిగా వదులుకోలేదు. 2002లో ఆమె బెల్లినీ రచన 'ఇల్ పిరాటా' పాడినప్పుడు కొందరు విమర్శకులు దీన్నే ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదనే చెప్పాలి. బెల్లినీ సంగీతానికి ప్రాణం నిడుపాటి, తెగని స్వరరేఖ. ఒక్కొక్క మాటనూ విడిగా లాలిస్తూ పోతే ఆ రేఖ చెదిరిపోతుంది.

అదే అలవాటును ఆంద్రే ప్రెవిన్ ఒపెరా 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'లో చూడండి. 1998లో శాన్ ఫ్రాన్సిస్కోలో తొలిసారి ప్రదర్శించిన ఈ రచనలో బ్లాంచ్ పాత్రను ప్రెవిన్ ఆమె గొంతును దృష్టిలో పెట్టుకునే రాశారు. ఆయన స్వయంగా జాజ్ పియానో వాద్యకారుడు. కథ జరిగేది జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్‌లో. బ్లాంచ్ నిజాన్ని సూటిగా చెప్పలేని మనిషి. ఆమె స్వరానికి కూడా పక్కదారిన చేరుకోవడం పాత్రోచితమే. ఇక్కడ ప్రతి స్వరం మీదా నేరుగా దిగే గాయని ఉంటే బ్లాంచ్ మనకు దొరికేది కాదేమో! స్ట్రాస్ 'రోజెన్‌కవలియర్'లోని మార్షలిన్ పాత్రకూ ఇదే వర్తిస్తుంది. అందులో గానం సంభాషణకు దగ్గరగా నడుస్తుంది; మాటను ఒక్క క్షణం ఆపి పలకడం ఆ పాత్ర వయసునూ, విచారాన్నీ తెలుపుతుంది.

2005లో ఫ్లెమింగ్ 'హాంటెడ్ హార్ట్' ఆల్బమ్‌తో జాజ్ వైపు తిరిగి వచ్చారు. పియానో ఫ్రెడ్ హెర్ష్, గిటార్ బిల్ ఫ్రిజెల్. సొప్రానో అని గుర్తుపట్టలేనంత కింది స్థాయిలో పాడారు. ఆ ధైర్యం మెచ్చదగినదే. అయినా, స్ట్రాస్‌లో కనిపించే చనువు ఇందులో తక్కువ. ప్రతి పాటనూ జాగ్రత్తగా పట్టుకున్నట్టు ఉంటుంది.

అభ్యాసం: ద్వోర్జాక్ 'రుసాల్కా'లోని చంద్రగీతాన్ని ఫ్లెమింగ్ గొంతులో రెండుసార్లు వినండి. ఆమె స్వరాన్ని జారుతూ అందుకున్న చోట్లను రెండోసారి గుర్తించి, ఏ జారు పాత్ర భావానికి తోడ్పడిందో, ఏది అలవాటుగా వచ్చిందో కారణాలతో రాయండి.