పాటలో చూపించు

మా మిత్రుల మధ్య ఫ్రెడీ మెర్క్యురీ ప్రస్తావన వచ్చిందంటే ఆ పూట ఇంకో కబురు సాగదు. అతను పాడిన క్వీన్ బృందాన్ని క్యాసెట్లలో అరగదీసినవాళ్లూ, 2018లో అతని మీద వచ్చిన సినిమా చూశాక ఫోన్లో వెతుక్కున్నవాళ్లూ ఒకచోట చేరి వాదించుకుంటారు. ఎటు మొదలైనా వాదన చివరికి ఒక ప్రశ్న దగ్గరే ఆగుతుంది: ఈ మనిషికి ఈ పాట ఎవరి దగ్గర అబ్బింది?

ముందుగా వచ్చే జవాబు ‘మనవాడే కదా’ అనేది. అందులో అబద్ధమేమీ లేదు. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరులోనే గుజరాత్‌లోని బుల్సార్, అంటే ఇప్పటి వల్సాడ్, ఉంది. ఎనిమిదేళ్లు నిండేసరికి మహారాష్ట్రలో పంచ్‌గని సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూలుకు పంపేశారు. పియానో నేర్చుకున్నదీ, పన్నెండేళ్లకే తోటి పిల్లలతో ‘ద హెక్టిక్స్’ అనే బ్యాండు కట్టిందీ అక్కడే. లిటిల్ రిచర్డ్, క్లిఫ్ రిచర్డ్ పాటలు వాయించేవాళ్లు. 1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చి, కుటుంబమంతా లండన్ శివార్లలోని ఫెల్తమ్ చేరేనాటికి అతనికి పదిహేడేళ్లు.

చిన్నప్పుడు లతా మంగేష్కర్ పాటలు విన్నాడని కూడా జీవిత కథల్లో రాశారు. ఇంకేం, ఆ గొంతులో మన గమకం ఉందని మావాళ్లు తీర్పు చెప్పేస్తారు. మా గుంపులో మాత్రం ఒక కట్టుబాటు ఉంది. ఎవరేమన్నా ‘ఏ పాటలో?’ అని అడగాలి. వినిపించలేని మాట చెల్లదు. లత సంగతి ఆ పరీక్షకు నిలవలేదు. 1978 నాటి ‘ముస్తఫా’ ఎత్తుగడను ఒకరు వినిపించారు. అది తూర్పు వాసన ఉన్న ఆలాపనే కానీ, తూగు అరబ్బుల వైపుది. లతను విన్నాడన్న మాట నిజమే కావచ్చు. విన్నదంతా పాటలోకి రావాలనేముంది?

వినిపించగలిగినవి వేరే ఉన్నాయి. ఫ్రెడీ ఆరాధించిన గాయని అరేతా ఫ్రాంక్లిన్. తండ్రి పాస్టరు, ఆమె డెట్రాయిట్ చర్చిలో పాడుతూ పెరిగింది. 1976లో ఫ్రెడీ రాసిన ‘సమ్‌బడీ టు లవ్’ వినండి, వెనక నిండు చర్చి కోయిర్ నిలబడి పాడుతున్నట్టుంటుంది. నిజానికి ఉన్నవి మూడే గొంతులు: ఫ్రెడీ, బృందంలోని బ్రియాన్ మే, రోజర్ టేలర్. ఒకే వరుసను ముగ్గురూ కలిసి పాడటం, దాని మీదే మళ్లీ పాడటం, ఆపైన ఇంకో స్వరంలో పాడటం... అలా టేపు మీద పొర మీద పొర పేర్చుకుంటూ పోయారు. అరేతాకు పుట్టుకతో దక్కిన కోయిర్ ఇతనికి లేదు. లేనిదాన్ని స్టూడియోలో కట్టుకున్నాడు.

ఈ కోణంలో చూడటం మొదలుపెట్టాక మిగతా పాటలూ కొత్తగా వినిపిస్తున్నాయి నాకు. 1979లో మ్యూనిక్ హోటల్లో స్నానం చేస్తుండగా ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ తట్టింది. ఐదు పది నిమిషాల్లో అయిపోయిందని అతనే చెప్పాడు. పంచ్‌గనిలో కుర్రాళ్లు వాయించిన రకం రాక్ అండ్ రోలే అది, ఎల్విస్‌కు దండం పెడుతూ చేసిన పాట. తన వాద్యం పియానో అయినా దీన్ని గిటారు మీద కట్టాడు. గిటారులో తనకు వచ్చిన కార్డ్స్ కొన్నే. ఆ కొరతే పాటను క్లుప్తంగా ఉంచిందని కూడా అతని మాటే.

ఫ్రెడీకి జిమీ హెండ్రిక్స్ అంటే పిచ్చి. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో డిజైన్ చదివే రోజుల్లో అతని బొమ్మలు గీసుకునేవాడు. హెండ్రిక్స్‌లా గిటారు వాయించడం మాత్రం రాదు. 1985 జులై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ కచేరీ చూడండి. సగానికి విరిగిన మైకు స్టాండును గిటారులా ఒంటికి ఆనించుకుని వేళ్లాడిస్తాడు. నాకు హెండ్రిక్స్ కనబడేది అక్కడే. చివరికి గొంతు సంగతీ అంతే. 2016లో ఆస్ట్రియా పరిశోధకుడి నాయకత్వంలో ఒక బృందం ఫ్రెడీ ఇంటర్వ్యూలను పరీక్షించింది. మామూలుగా మాట్లాడేటప్పుడు శ్రుతి దాదాపు 117 హెర్ట్జ్. బారిటోన్ అనదగ్గ గొంతు అది. లోకానికి తెలిసింది మాత్రం టెనర్ గాయకుడు.

లేనిదాన్ని ఇలా కట్టుకోవడం మనకు కొత్తగా తోచనక్కర్లేదు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలుగారు ‘శంకరాభరణం’ పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. సాధన చేసిన విద్వాంసుల గొంతు తనకు లేదని తెలిసి, తన దగ్గరున్న భావంతో, పలుకుతో, పాఠం పట్టుకునే వేగంతో ఆ దూరం దాటారు.

అందుకే ‘ఎవరి ప్రభావం’ అన్న వాదనలో నా ఓటు ఇప్పుడు కాస్త మారింది. పుట్టిన ఊరు, చదివిన బడి, ఇంట్లో మోగిన పాటలు తెలుసుకోవడం బాగానే ఉంటుంది. అవి కళాకారుడికి దొరికినవి. అతన్ని పట్టిచ్చేది, ఎంత ఇష్టపడ్డా దొరకనిది. దాన్ని దేనితో పూడ్చుకున్నాడో పాటలో చూపించగలిగితే, అతనెవరో చెప్పినట్టే. మనవాడా పరాయివాడా అన్నది ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.