ఇంతియాజ్‌గఢ్ రూపాయి

ఆదోనిలో పాత వెండి రూపాయి అమ్మబోతే అంగట్లో ముందు కాటా తీస్తారు. పదకొండున్నర గ్రాములకు అటూ ఇటూ తూగితే ఆ రోజు ధర కట్టి పక్కన పడేస్తారు. సాయంత్రానికి అది మూసలో కరిగిపోతుంది. దాని మీద మన ఊరి పేరుందేమోనని తిప్పి చూసేవాళ్లు తక్కువ.

ఉండే అవకాశం మాత్రం ఉంది. బిజాపూరు సర్దారు సిద్ది మసూద్ ఖాన్ చేతిలోని ఆదోని కోట 1688లో ఔరంగజేబు సేనలకు చిక్కింది. కోటకు ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టి, ఆ పేరుతోనే ఇక్కడి టంకశాలలో వెండి రూపాయలు, బంగారు నాణేలు వేశారు. ఇవాళ ఆ పేరు ఊళ్లో ఎవరి నోటా వినపడదు. వెండి మీదే మిగిలింది.

దాని మీది ఫార్సీ అక్షరాలు చదవడానికి ఓపిక కావాలి. అచ్చు వెడల్పు, వెండి బిళ్ల ఇరుకు. సుత్తి దెబ్బకు బిళ్ల ఎక్కడుంటే అక్కడి అక్షరాలే పడతాయి, మిగతావి అంచు దాటి పోతాయి. చివర ‘గఢ్’ ఒక్కటే కనిపిస్తే ఆదోనిదే అనుకోకూడదు. తమిళనాడులోని సెంజి కోటకు మొగలులు పెట్టిన నుస్రత్‌గఢ్ పేరు కూడా అలాగే ముగుస్తుంది. ‘యాజ్’ కూడా దొరకాలి. ఒక రూపాయిలో తెగిన అక్షరం ఇంకో రూపాయిలో నిండుగా ఉంటుంది. అలా రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని పేరు పూర్తి చేసుకోవాలి. ఈ పనిలో నాకు కలిగే ఆనందం మరే సేకరణలోనూ కలగలేదు.

పేరు తర్వాత చూడాల్సింది సంవత్సరం. ఒకవైపు హిజ్రీ ఏడు, రెండోవైపు పాదుషా గద్దెనెక్కిన లెక్క. ఔరంగజేబు రూపాయి మీద గద్దె లెక్క 34 అని ఉంటే 1690–91 నాటిదన్నమాట. హిజ్రీ అంకె ఒక్కటే మిగిలితే దాన్ని 0.97తో హెచ్చించి 622 కలపాలి: 1102 అంటే దాదాపు 1691.

సుత్తితో నాణేలు కొట్టడం మన దగ్గరే కాదు, ఇంగ్లండులో కూడా 1662 దాకా సాగింది. అక్కడి మధ్యయుగపు వెండి పెన్నీ సాధారణంగా ఒకటిన్నర గ్రాములకు మించదు, దాని మీదా టంకశాల ఊరి పేరే ఉంటుంది. మన రూపాయితో ఐరోపా దేశాలకు దగ్గరి చుట్టరికమూ ఉంది. పత్తి బట్టలు కొనడానికి ఐరోపా వర్తకులు ఓడల్లో తెచ్చినది ఎక్కువగా అమెరికా గనుల వెండే. ఆ వెండితో వేసిన విదేశీ నాణేలను ఇక్కడ కరిగించి రూపాయలుగా వేసేవారు.

రూపాయి మీద చిన్న చిన్న గాట్లు, పూల గుర్తులు కనిపిస్తే చెడిందనుకోకండి. అవి సరాఫులు, అంటే నాణేలు మార్చే వర్తకులు, వెండిని పరీక్షించి వేసిన ముద్రలు. అంచున టంకం మచ్చ ఉంటే ఎవరి మెడలోనో దండలో ఉండి వచ్చిందని అర్థం. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ముఖం మీద సూది మొన లాంటి బుడగలు ఉంటే మాత్రం పోత పోసిన నకిలీ. అనుమానం తీరకపోతే దారానికి కట్టి నీళ్లలో తూచాలి. పదకొండున్నర గ్రాముల మంచి వెండి నీళ్లలో దాదాపు 1.1 గ్రాము తగ్గుతుంది.

ఎమ్మిగనూరులో మా బంధువుల ఇంట్లో, మగ్గం గుంట పక్కనున్న ట్రంకు పెట్టెలో నాకు మొదటి రూపాయి దొరికింది. నల్లగా ఉందని చింతపండుతో తోమాను. తళతళలాడింది. మూడు వందల ఏళ్లుగా పట్టిన ఆ నలుపే అక్షరాల లోతుల్లో నిలిచి గీతను చూపిస్తుందని, తోమితే అది పోతుందని అప్పటికి తెలియదు. ఆ తప్పు మీరు చేయొద్దు. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి చాలు. ప్లాస్టిక్ సంచిలో కాక పొడి కాగితపు కవరులో పెట్టి, ఎక్కడ దొరికిందో పైన రాయండి. పొలం దున్నుతుంటే నిక్షేపం బయటపడితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కుండతో సహా, కదపకుండా చూపితేనే చరిత్రకు పనికొస్తుంది.

ఆదోనిలో నాకు తెలిసిన ఒక ముసలి ఆచారి ఇప్పుడు ఫార్సీ అక్షరాలున్న రూపాయి వస్తే మూసలో వేయకుండా కబురు పెడతాడు. “ఏమప్పా, ఇది మనూరిదేనా చూడు,” అంటాడు. మొన్న పిలిచి చూపింది సూరతు టంకశాలది. అరిగిపోయి, ఒంటి నిండా అయిదు సరాఫు ముద్రలతో ఉంది. వెండి ధర ఇచ్చి తెచ్చుకున్నాను.