బందేనవాజ్: గద్దె నీడ, తిరగలి పాట

ఖ్వాజా బందేనవాజ్ గురించి తెలుగులో నేను చదివిన వ్యాసాలూ చిన్న పుస్తకాలూ రెండే దారుల్లో నడిచాయి. ఒకటి మహిమల దారి, రెండోది మతసామరస్యం దారి. మొదటిదాంట్లో ఆయన మనిషి కాడు. రెండోదాంట్లో మనిషే గానీ, ఆయనకి అభిప్రాయాలంటూ వుండవు. అందర్నీ సమానంగా చూసిన మంచి ముసలాయన, అంతే. రాళ్ళపల్లి వారి ఉపన్యాసాల నుంచి గోపి పరిశోధన దాకా వేమనని ఎంత పట్టి పట్టి చదివాం! మనకి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో, 1956 దాకా మనతోపాటు హైదరాబాదు రాజ్యంలోనే వున్న గుల్బర్గాలో పడుకున్న మనిషిని మాత్రం ఉరుసు కరపత్రం స్థాయిలో వదిలేశాం.

అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసేనీ. 1321లో ఢిల్లీలో పుట్టాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ పెద్దల్నీ పండితుల్నీ సూఫీల్నీ దౌలతాబాదుకి తరలించినప్పుడు, తండ్రి వెంట ఆ పసివాడూ దక్కను చేరాడు. తండ్రి ఇక్కడే పోయాడు. పదిహేనేళ్ళ వయసులో కుర్రవాడు ఢిల్లీకి తిరిగి వెళ్ళి నసీరుద్దీన్ చిరాగ్ శిష్యుడయ్యాడు. 1356లో గురువు గతించాక నాలుగు దశాబ్దాలు అక్కడే బోధించాడు. 1398లో తైమూరు దండయాత్ర వచ్చిపడింది. డెబ్భై ఏడేళ్ళ వృద్ధుడు ఇల్లూవాకిలీ వదిలి, గ్వాలియరు, గుజరాతుల మీదుగా మళ్ళీ దౌలతాబాదు, అక్కణ్ణుంచి బహమనీల రాజధాని గుల్బర్గా చేరుకున్నాడు.

'ఆధ్యాత్మిక ప్రయాణం' అనే మాటని మనం అలవోకగా వాడేస్తాం. ఈయన విషయంలో ఆ ప్రయాణానికి దుమ్మూ ధూళీ వున్నాయి. మొదటిసారి సుల్తాను ఆజ్ఞ తోలింది, రెండోసారి యుద్ధం తరిమింది. చరిత్రకారులు రాజుల పేర్ల కింద రాసే ఘటనలు ఈ మనిషి కాళ్ళ మీదుగా నడిచాయి. మన రచయితలు ఇవన్నీ రెండు వాక్యాల్లో దాటేసి పల్లకీ కథ దగ్గర మాత్రం ఆగుతారు. గురువు పల్లకీ మోస్తుంటే పొడుగాటి జుట్టు అందులో చిక్కుకున్నా ఆపమనలేదనీ, అందుకే 'గేసూదరాజ్' అనే పేరు వచ్చిందనీ కథ. అందమైన కథే. శిష్యభక్తికి తప్ప మరి దేనికీ అది సాక్ష్యం చెప్పదు.

నన్ను ఆపేది మరొకటి. తొలి చిష్తీలది ఒక గట్టి పట్టింపు. అడక్కుండా వచ్చింది పుచ్చుకోవాలి, వచ్చింది వచ్చినట్టు పంచెయ్యాలి, రాజు ఇచ్చే భూమి మాత్రం ముట్టగూడదు. నిజాముద్దీన్ ఔలియా సుల్తానుల దర్బారు గడప తొక్కడానికి ఇష్టపడలేదు. తెలుగువాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది; పోతన పేర మనం చెప్పుకునే కథలన్నీ ఈ పట్టింపువే. కానీ గుల్బర్గాలో కథ మారింది. ఫిరోజ్ షా బహమనీ ఎదురేగి స్వాగతం చెప్పాడు. అయితే శాస్త్రాలు చదివిన ఆ రాజుకి ఈ వృద్ధుడి పాండిత్యం ఆనలేదని ఫరిష్తా రాశాడు. రాజు తమ్ముడు అహ్మదు మాత్రం పాదాల దగ్గర కూర్చున్నాడు. ఫిరోజ్ తన కొడుకుని వారసుడిగా దీవించమంటే బందేనవాజ్ ఒప్పుకోలేదు. ఖానఖా కోటకి మరీ దగ్గరగా వుంది, దూరం జరగమన్నాడు రాజు. 1422లో అహ్మదు గద్దెనెక్కాడు, ఫిరోజ్ కన్ను మూశాడు, అదే ఏడాది నవంబరులో బందేనవాజూ వెళ్ళిపోయాడు. అహ్మదు షా ఖానఖాకి ఊళ్ళు రాసిచ్చాడు, సమాధి మీద గుమ్మటం లేపాడు.

ఢిల్లీ పోతన గుల్బర్గాలో శ్రీనాథుడయ్యాడు అనేస్తే మాట బాగానే పేలుతుంది. (శ్రీనాథుడు ఆయనకి సమకాలికుడే.) కానీ అది తొందరపాటు. శరణార్థిగా వచ్చిన వృద్ధుడికి గద్దె అవసరం ఎంతో, తిరుగుబాటుతో పుట్టిన బహమనీ గద్దెకి ఆయన దీవెన అవసరం అంతకంటె ఎక్కువ. పాలకవర్గం సాధువుని వాడుకుంది అని ఒక్క ముక్కలో తేల్చే మన పద్ధతి కూడా ఇక్కడ సరిపోదు. రాజు అడిగిన దీవెనని ఆయన నిరాకరించాడు గదా! లొంగుబాటూ నిరాకరణా ఒకే మనిషిలో, ఒకే ఊళ్ళో వున్నాయి. జీవితచరిత్ర రాసేవాడు పట్టుకోవలసిన ముడి అదే. ముడి విప్పకపోయినా పరవాలేదు, దాచకూడదు.

సామరస్యవాదులు దాచేవి ఇంకా వున్నాయి. ఇబ్ను అరబీ అద్వైతం లాంటి సిద్ధాంతాన్ని ఆయన గట్టిగా ఖండించాడు. షరియతు విషయంలో పట్టుదల మనిషి. ఆయన సంభాషణలని పెద్దకొడుకు రాసిపెట్టిన గ్రంథం ప్రకారం, బ్రాహ్మణ పండితులతో వాదించడానికి సంస్కృత గ్రంథాలు కూడా తెలుసుకున్నాడు. వాదించినవాడు ఎదుటివాణ్ణి పట్టించుకున్నాడనే నా ఉద్దేశం. 'అన్నీ ఒకటే' అనేవాడికి ఎదుటివాడి పుస్తకం చదవాల్సిన పనిలేదు.

ఇక సాహిత్యం సంగతి. 'మీరాజుల్ ఆషికీన్' అనే దక్కనీ గద్యగ్రంథం ఆయనదేననీ, ఉర్దూ వచనానికి అదే మొదలనీ దశాబ్దాలపాటు పాఠం చెప్పారు. 1920లలో మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని అచ్చువేశాడు. 1968లో హైదరాబాదు పరిశోధకుడు హఫీజ్ ఖతీల్ ఆ కర్తృత్వాన్ని తోసిపుచ్చాడు. అది చాలా తర్వాతి కాలపు రచన అన్నాడు. కొందరికి ఇది పెద్ద నష్టంగా తోచింది. నాకు తోచలేదు. దక్కనీ భాష ఒక మహాపురుషుడి కలం నుంచి ఊడిపడాలని ఎందుకు కోరుకోవాలి? బజార్లలో, సైనికుల గుడారాల్లో, వంటిళ్ళలో పుట్టిన భాష అది. దానిలో సూఫీల అసలు సంపద 'చక్కీనామా', 'చర్ఖానామా'లు. తిరగలి పాటలు, రాట్నం పాటలు. రిచర్డ్ ఈటన్ బిజాపూరు సూఫీల మీద 1978లో తెచ్చిన పుస్తకం వీటి మీద మంచి వెలుగు పరిచింది. చాలావరకు పదిహేడో శతాబ్దంలో, చిష్తీ పరంపరలోనివారే కట్టారు. వాటిలో తిరగలి పిడి 'అలిఫ్' అక్షరమవుతుంది, భగవంతుడికి గుర్తవుతుంది. విసిరే చేతికి ఎదురుగా వున్న వస్తువే తత్వం చెబుతుంది. పారసీ గ్రంథాలు పండితుల దగ్గర ఆగిపోయాయి. ఈ పాటలు జొన్నలు విసిరే ఆడవాళ్ళ నోట ఇల్లిల్లూ తిరిగాయి. ద్విపదనీ జాను తెలుగునీ పట్టుకున్న పాల్కురికి సోమన చదివినవాళ్ళకి ఈ ఎత్తు కొత్తది కాదు.

సికింద్రాబాదు బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి గనుక ఇది నాకు పుస్తకాల వ్యవహారం మాత్రమే కాదు. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లల్ని 'అది ఉర్దూయేనా?' అని ఎగతాళి చేసేవాళ్ళని చూశాను. తెలంగాణ మాటతో రాసిన కూర్పుకి ఎర్ర సిరా గీతలు పెట్టేవాళ్ళనీ చూశాను. రెండు ఎగతాళులూ ఒకే నోటివి. బందేనవాజ్ చదువు పారసీ, అరబ్బీలలోది. ఆయన దర్గా చుట్టూ పెరిగిన భక్తి మాత్రం ఈ ఎగతాళికి గురైన నాలుక మీదే బతికింది.

మన జానపద గేయాల్ని బిరుదురాజు రామరాజు గారు ఊళ్ళూ వాడలూ తిరిగి సేకరించారు. తెలుగు తిరగలి పాటలో సీత కష్టాలుంటాయి, పుట్టిల్లుంటుంది, అత్త ఆరడి వుంటుంది. చక్కీనామాలో పీరు వుంటాడు, ప్రవక్త వుంటాడు, అత్త కనిపించదు. ఎందుకని? ఒకటి ఆడవాళ్ళు కట్టుకున్న పాట, రెండోది వాళ్ళ కోసం మగవాడు కట్టిచ్చిన పాట కావటం వల్లనా? అలాగైతే తెల్లవారుజామున పిడి పట్టుకున్న ఆమె, కట్టిచ్చిన పాటలో తన మాట ఒకటో రెండో కలపకుండా వుంటుందా? సాహిత్య విద్యార్థులు రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవవలసిన చోటు ఇది.