“మెత్తని ఇనుము” చాలునా? — ట్రాన్స్‌ఫార్మరు పాఠముపై ఒక విమర్శ

హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిలింనగర్ నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. పరిశ్రమ మద్రాసునుండి తరలివచ్చుచున్న కాలములో, 1976లో, అక్కినేని నాగేశ్వరరావు ఈ పరిసరములలో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. అటుపిమ్మట ఇచ్చట డబ్బింగు శాలలు, ధ్వనిముద్రణ శాలలు అనేకము వెలసినవి. అట్టి శాలలో ఒక నిట్టూర్పును ముద్రించునపుడు వెనుక సన్నగా “గుం” అను రొద వినబడినచో ఆ ముద్రణ పనికిరాదు. ఈ రొదకు కారణములు పెక్కు గలవు. వానిలో ముందుగా అనుమానింపదగినది యంత్రములకు విద్యుత్తు నందించు పవర్ ట్రాన్స్‌ఫార్మరు. పాత వాల్వు రేడియోలలో గుంయిమను శబ్దమునకును తరచు ఇదియే మూలము. దాని మంచిచెడ్డలు చాలవరకు లోపలి కోరుపై ఆధారపడును.

ఈ కోరును గూర్చి మన పాఠ్యపుస్తకములు ఏమి చెప్పుచున్నవి? అది మెత్తని ఇనుముతో చేయబడునని చెప్పి, అనేక పుస్తకములు ముందుకు సాగిపోవును. పాఠములో మెచ్చదగినది లేకపోలేదు. చుట్ల సంఖ్యకును వోల్టేజికిని గల సంబంధము స్పష్టముగా ఉండును. శక్తినష్టముల పట్టికయు ఉండును. చిక్కు “మెత్తని ఇనుము” అను మాటతోనే వచ్చుచున్నది.

మొదటి లోపము అర్థమునకు సంబంధించినది. ఇచట మెత్తదనము చేతికి తెలియునది కాదు. సులభముగా అయస్కాంతమై, అంత సులభముగానే ఆ గుణమును విడుచు పదార్థము అయస్కాంత దృష్టిలో మెత్తనిది. నిజమునకు పవర్ ట్రాన్స్‌ఫార్మరులో నుండునది సుమారు 3 శాతము సిలికాన్ కలిపిన ఉక్కు. అది శుద్ధమైన ఇనుముకంటె గట్టిది. సిలికాన్ ఇంకను పెంచినచో పెళుసెక్కి, రేకులుగా సాగుట కష్టమగును. మరి సిలికాన్ ఎందుకు? అది లోహపు విద్యున్నిరోధమును నాలుగైదు రెట్లు పెంచి, కోరులో పుట్టు సుడి ప్రవాహములను అణచును. 1900 ప్రాంతములో హాడ్‌ఫీల్డు మొదలగువారు ఈ ఉక్కు గుణమును వెల్లడించిరి. 1934లో అమెరికాలో నార్మన్ గాస్ రేకులోని స్ఫటికములను ఒకే దిశకు మళ్ళించు పద్ధతికి పేటెంటు పొందెను. ఇంత చరిత్ర ఆ రెండు మాటల వెనుక మరుగుపడుచున్నది.

రెండవ లోపము మరింత పెద్దది: కోరుకు ఒక హద్దు కలదని పాఠము చెప్పదు. ఏ పదార్థమైనను కొంత మేరకే అయస్కాంత అభివాహమును మోయగలదు. దానినే సంతృప్త స్థితి యందురు. సిలికాన్ ఉక్కుకు ఇది సుమారు 2 టెస్లాలు. ఒక లెక్క చూడుడు. కోరు అడ్డుకోత 10 చదరపు సెంటీమీటర్లు, సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అనుకొనుడు. అభివాహ సాంద్రత 1.2 టెస్లాలు దాటకుండవలెనన్నచో ప్రధాన తీగచుట్టకు సుమారు 863 చుట్లు కావలెను. రాగి ఆదా చేయుటకు 600 చుట్లతో సరిపెట్టినచో సాంద్రత 1.7 టెస్లాలు దాటును. అప్పుడు కోరు సంతృప్తికి చేరువై, తీగలోని విద్యుత్ప్రవాహము ఎగబ్రాకును, తీగ వేడెక్కును, అభివాహము బయటికి పొంగి ప్రక్కనున్న తీగలలో రొద పుట్టించును. చుట్ల నిష్పత్తి మాత్రము తప్పలేదు! నిష్పత్తి మాత్రమే నేర్చిన విద్యార్థికి ఈ తప్పు కనబడదు.

మూడవది, పౌనఃపున్యము ప్రస్తావన లేకపోవుట. ఒకే ధ్వనిముద్రణ శాలలో మూడు విధముల కోరులు ఉండవచ్చును. సరఫరా విద్యుత్తు 50 హెర్ట్జ్ గనుక పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు సిలికాన్ ఉక్కు తగినది. మైకునుండి వచ్చునది వోల్టులో వెయ్యవ వంతుల సంకేతము. దాని ట్రాన్స్‌ఫార్మరుకు, అతిస్వల్ప క్షేత్రమునకే స్పందించు నికెల్-ఇనుము మిశ్రమము కావలెను. అదే మిశ్రమము సుమారు 0.8 టెస్లాలకే నిండిపోవును గనుక పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు అనుకూలము కాదు. సెల్‌ఫోను ఛార్జరువంటి స్విచ్చింగు పరికరములు సెకనుకు వేలకొలది, లక్షలకొలది కంపనములతో పనిచేయును. అచట ఉక్కు రేకులు వేడెక్కిపోవును. ఇనుప ఆక్సైడుతో చేసిన పింగాణివంటి ఫెరైటు కావలెను. ఆ ఫెరైటును పై లెక్కలో 0.3 టెస్లాలకు పెట్టి చూడుడు: చుట్లు 3,450కి చేరును! కనుక వెల హెచ్చినదెల్ల మేలైనది కాదు, క్రొత్తదెల్ల తగినది కాదు.

ఈ పాఠమును దిద్దుటకు పుటలు పెంచనక్కరలేదు. “మెత్తని ఇనుము” అనుచోట “అయస్కాంతపరముగా మెత్తనైన సిలికాన్ ఉక్కు రేకులు” అని వ్రాసి, పై లెక్కను అభ్యాసముగా చేర్చిన చాలును. ఉపాధ్యాయులు కాలిపోయిన పాత ట్రాన్స్‌ఫార్మరు నొకదానిని తరగతికి తెచ్చి, ఆంగ్లములోని ఇ, ఐ అక్షరముల ఆకారమున నున్న రేకులను ఒక్కొక్కటిగా ఊడదీసి చూపవచ్చును. అర మిల్లీమీటరు మందపు రేకును వంచబోయిన విద్యార్థి, దానిని మెత్తనిది అని ఎందుకనిరో తానే అడుగును. ఆ ప్రశ్నతోనే పాఠము ప్రారంభము కావలెను.