హాల్‌స్టాట్‌లో రెండున్నర గంటలు

ఈ వారం దినపత్రికలో పెట్టి పంచిన ఒక యూరప్ టూర్ కరపత్రం చదివాక కోపం వచ్చింది. అందులో ఐదో రోజు ఇలా ఉంది: ఉదయం మ్యూనిక్ హోటల్లో టిఫిన్, అక్కడి నుంచి సాల్జ్‌బర్గ్, మొజార్ట్ పుట్టిన ఇల్లు, మిరాబెల్ తోట, ఇండియన్ భోజనం, ఆపై హాల్‌స్టాట్‌లో ‘ఫొటో స్టాప్’, రాత్రికి వియన్నా. ఒక్క రోజులో రెండు దేశాలు, నాలుగు ఊళ్లు. ఈ కాలమ్‌ను మొదటి నుంచీ చదువుతున్నవారికి నా పట్టుదల తెలుసు. మ్యూజియానికి వెళితే ఒక గది చాలు, పెద్ద గుడికి వెళితే ఒక్క మండపం ముందు తీరిగ్గా నిలబడితే చాలు అని ఇక్కడ చాలాసార్లు రాశాను. అదే పట్టుదలతో ఈ కరపత్రాన్ని తిట్టి, గుంపుతో వెళితే ఇంతే, ఒంటరిగా వెళ్లండి అని ముగించవచ్చు. కానీ ఆ ఐదో రోజు లెక్క వేసి చూస్తే తప్పు గుంపుది కాదని తేలుతోంది.

మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ సుమారు 145 కిలోమీటర్లు. అక్కడి నుంచి కొండలు, సరస్సుల పక్కగా హాల్‌స్టాట్ మరో 75. హాల్‌స్టాట్ నుంచి వియన్నా 290కి అటూ ఇటూ. మొత్తం 500 పైచిలుకు. ఆస్ట్రియా మోటార్‌వేల మీద టూరిస్టు బస్సు గంటకు 100 కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి ఏడు గంటలు బస్సులోనే గడుస్తాయి. ఇంకాస్త తోలమని డ్రైవర్ని బతిమాలడానికీ లేదు. యూరోపియన్ యూనియన్ 2006లో చేసిన 561వ నిబంధన ప్రకారం అతను రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం పది గంటల దాకా అనుమతి ఉంది. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తీసుకోవాలి. ఒక రోజు పనికీ మర్నాటి పనికీ మధ్య మామూలుగా పదకొండు గంటల విశ్రాంతి ఉండాలి. అంటే ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కిన డ్రైవర్ రాత్రి తొమ్మిదికల్లా దిగిపోవాలి. ఇదంతా బస్సులోని టాకోగ్రాఫ్ అనే పరికరంలో నమోదవుతుంది, దారిలో ఆపి తనిఖీ చేస్తారు. మన హైవేల మీద రాత్రంతా కునుకు ఆపుకుంటూ నడిపే డ్రైవర్ల సంగతి తెలిసిన ఎవరైనా ఈ నిబంధనకు చేతులెత్తి దండం పెడతారు. పదమూడు గంటల్లో బస్సుకు ఏడు పోతే మిగిలేవి ఆరు. భోజనానికి గంట, ఆగిన ప్రతిచోటా నలభై మంది దిగి, టాయిలెట్‌కి వెళ్లొచ్చి, మళ్లీ ఎక్కి తలలు లెక్కపెట్టుకునేసరికి ఇంకో గంట. రెండు ఊళ్లకూ కలిపి నాలుగు గంటలు. సాల్జ్‌బర్గ్ పాత ఊళ్లోకి టూరిస్టు బస్సుల్ని రానివ్వరు. ముందుగా సమయం బుక్ చేసుకున్న టెర్మినల్లో దించి వెళ్లిపోవాలి. అక్కడి నుంచి నది దాటి మొజార్ట్ ఇంటిదాకా నడక. రానూపోనూ నడకను కూడా ఆ నాలుగు గంటల్లోంచే తీసెయ్యాలి.

ఇక హాల్‌స్టాట్. సరస్సుకీ నిట్టనిలువు కొండకీ మధ్య ఇరుక్కున్న ఈ ఊరి జనాభా ఎనిమిది వందల లోపే. రద్దీ రోజుల్లో పదివేల మంది దాకా వస్తారు. వారిలో ఎక్కువమంది ఒడ్డున ఒక మూల నిలబడి, సరస్సు మీద నీడ పడుతున్న చర్చి శిఖరాన్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ శిఖరం కన్నా చూడవలసింది కొండ మీద ఉంది. అక్కడ ఏడు వేల ఏళ్లుగా ఉప్పు తవ్వుతున్నారు. 1734లో గనిలో ఉప్పు పట్టి చెడకుండా నిలిచిన ఒక పాతకాలపు పనివాడి శరీరం దొరికింది. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దపు చెక్క మెట్లదారి ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అదీ ఉప్పు చలవే. 1846లో గనుల అధికారి యోహాన్ గియోర్గ్ రామ్‌సావర్ తవ్వకాలు మొదలుపెట్టి సుమారు వెయ్యి సమాధులను వెలికితీశాడు. యూరప్ చరిత్రలో తొలి ఇనుప యుగాన్ని ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. కింద ఊళ్లో కాథలిక్ చర్చి పక్కన ఎముకల గది ఉంది. శ్మశానానికి చోటు చాలక, పాతిపెట్టిన కొన్నేళ్లకు ఎముకలు తీసి కొత్తవారికి ఆ గుంత ఇచ్చేవారు. అలా తీసిన కపాలాలు అక్కడ పన్నెండు వందల దాకా ఉన్నాయి. వాటిలో ఆరు వందలకు పైగా కపాలాల మీద పూలూ ఆకులూ గీసి, పేరూ చనిపోయిన ఏడూ రాశారు. ఇరుకు చోట బతికిన మనుషులు తమ వాళ్లను ఎంత ప్రేమగా దాచుకున్నారో ఆ గదిలో తెలుస్తుంది. ఇరవై నిమిషాల ఫొటో స్టాప్‌లో బస్సు దగ్గర నుంచి ఆ గదిదాకా వెళ్లి రావడమే కుదరదు.

ఇక్కడే గుంపును తప్పుపట్టాలనిపిస్తుంది. కానీ గుంపుగా, ఒకరి ఏర్పాటులో చేసే ప్రయాణం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఆయన వెంట కుటుంబం, బోయీలు, వంటవాళ్లు, పరిచారకులు కలిపి వందమంది దాకా ఉన్నారు. 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. ఆ ప్రయాణం నుంచి పుట్టిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ప్రతి మజిలీలో నేల ఎలాంటిది, నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు ఏం దొరుకుతాయి, జనం ఆచారాలేమిటి అని ఆయన ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి, అడిగి తెలుసుకోవడం వృత్తిలోనే అలవాటైనవాడు. ఆయన చుట్టూ వందమంది ఉండడం ఆ చూపుకు అడ్డం రాలేదు. నిజానికి అంతమంది తిండీ నీడా చూడవలసి రావడం వల్లే ప్రతి ఊళ్లో బియ్యం ఉందా, చెరువు నీళ్లు మంచివేనా అని ఆరా తీశారు. ఆయనకు దక్కినదీ ఈ కరపత్రం ఇవ్వనిదీ ఒక్కటే: దిగిన చోట పూట గడిపే వెసులుబాటు.

గుంపును వెనకేసుకు రావడానికి ఇంకా కారణాలున్నాయి. యూరప్ వెళ్లే తెలుగువారిలో ఉద్యోగ విరమణ చేసినవారు చాలామంది. భాష రాని చోట రైలు ప్లాట్‌ఫారం వెతుక్కుంటూ పెట్టె ఈడ్చుకుపోవడం, శాకాహారం కోసం తిరగడం వాళ్లవల్ల కాదు. గుంపు లేకపోతే ఆ ప్రయాణమే లేదు. మంచి స్థానిక గైడు దొరికిన గుంపు, ఫోన్ చూసుకుంటూ తిరిగే ఒంటరి యాత్రికుడి కన్నా ఎక్కువే చూస్తుంది. ఎముకల గది సంగతి చెప్పేవాడు లేకపోతే దాని తలుపు ముందు నుంచే నడిచి వెళ్లిపోతాం. రిటైరైన గనుల ఇంజినీరు అడిగే ప్రశ్న వేరు, తెలుగు మేష్టారు అడిగేది వేరు, ఇంటిల్లిపాదికీ వండి పెట్టిన అమ్మ ఆ ఉప్పు గురించి అడిగేది వేరు. నలభై మంది ప్రశ్నలకూ జవాబులు అందరికీ అందుతాయి. అందుకు తీరిక కావాలి, అంతే.

ఆ తీరికను హాల్‌స్టాటే నిర్బంధంగా ఇప్పిస్తోంది. 2020 నుంచి అక్కడికి వచ్చే టూరిస్టు బస్సు ముందే స్లాట్ తీసుకోవాలి, కనీసం రెండున్నర గంటలు ఆగాలి. ఊరివాళ్లు తమ వీధులు ఖాళీగా ఉండాలని పెట్టుకున్న నియమమిది. కానీ దానివల్ల ఎక్కువ లాభం యాత్రికుడికే. ఈ నియమాన్ని పాటిస్తే కరపత్రంలోని ఐదో రోజు చెల్లదు. సాల్జ్‌బర్గ్‌కి మిగిలేది గంటన్నర, అందులో నడకే సగం. కాబట్టి రెండింటిలో ఒకటి మానాలి, లేదా సాల్జ్‌బర్గ్‌లో ఒక రాత్రి పడుకోవాలి. ఇలాంటి నియమాలు వేరే చోట్లా వచ్చాయి. వెనిస్ 2024లో గైడు వెంట వెళ్లే గుంపును 25 మందికి పరిమితం చేసి లౌడ్‌స్పీకర్లను నిషేధించింది. ఆమ్‌స్టర్‌డామ్ అదే ఏడాది నుంచి ఏడున్నర టన్నులు దాటిన బస్సుల్ని నగర కేంద్రంలోకి రానివ్వడం లేదు. టూర్ కంపెనీలకు ఇవి అడ్డంకులుగా కనిపిస్తాయి. డబ్బు కట్టినవారు మాత్రం వీటిని తమ హక్కులుగా చూడాలి.

జీవితంలో ఒక్కసారి వెళతాం, లక్షలు పోస్తాం, వీసాకు నానా తిప్పలు పడతాం, అలాంటప్పుడు నాలుగు ఊళ్లు చూస్తే తప్పేమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. మళ్లీ వచ్చే అవకాశం ఉన్నవాడికి పై చూపు చాలు, మిగతాది ఇంకోసారి చూసుకుంటాడు. ఒక్కసారే వెళ్లగలిగినవారికి ఆ ఇంకోసారి లేదు. కొన్నిటికి కొద్ది సమయమే చాలదా అని కూడా అంటారు. చాలుతుంది. మిలాన్‌లో లియొనార్డో గీసిన ‘లాస్ట్ సప్పర్’ ముందు ఎవరికైనా పావుగంటే ఇస్తారు. కానీ అక్కడ కొద్దిమందినే లోపలికి పంపి, తలుపులు మూసి, మరో పని లేకుండా చేస్తారు. ఆ పావుగంట పూర్తిగా బొమ్మదే. హాల్‌స్టాట్ ఫొటో స్టాప్‌లో సగం సమయం టాయిలెట్ వరసకూ, మిగతా సగం బస్సు వెళ్లిపోతుందేమోనన్న భయానికీ పోతుంది. ఊళ్లు తగ్గిస్తే జనం బుక్ చేయరని కంపెనీల భయం. ఆ భయం పోగొట్టగలిగేది మనమే.

అందుకే టూర్ బుక్ చేసే ముందు ఎన్ని దేశాలని అడగకండి. ఫలానా ఊళ్లో బస్సు దిగి, మళ్లీ ఎక్కేదాకా ఎన్ని గంటలని అడగండి. ఆ గంటల్లో గైడు ఎంతసేపు ఉంటాడో అడగండి. ‘ఫొటో స్టాప్’ అన్న చోట దాన్ని కొట్టేయమనండి, లేదా రెండున్నర గంటలు చేయమనండి. ఆ మాట అడ్వాన్స్ కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.